అరువు వాద్యానికి సొంత గొంతు ఇచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు

1919లో విజయనగరంలో కొత్తగా సంగీత కళాశాల తెరిచారు. ఆ కబురు విని విశాఖపట్నం నుంచి ఓ పాతికేళ్ల యువకుడు ఫిడేలు పట్టుకుని అక్కడికి వెళ్లాడు. విద్యార్థిగా చేరి మరికొంత నేర్చుకోవాలన్నది అతని ఆశ. అతని వాయిద్యం విన్న పెద్దలు విద్యార్థిగా చేర్చుకోలేదు. పాఠం చెప్పే ఉద్యోగం ఇచ్చారు. ఉత్తరాంధ్రలో సంగీతం తెలిసిన ఇళ్లలో వందేళ్లుగా చెప్పుకుంటున్న కథ ఇది. ఆ యువకుడే ద్వారం వెంకటస్వామి నాయుడు. తర్వాతి నాలుగు దశాబ్దాలపాటు తెలుగునాట ఫిడేలు అంటే ఆయనే, ఫిడేలు నాయుడుగారంటే ఆయనే.

ఈ కథలో ముచ్చటతో పాటు ఆలోచించాల్సిన విషయం కూడా ఉంది. అప్పటికే ఉద్యోగం ఇవ్వదగినంత వాయించగలిగిన మనిషి విద్యార్థిగా చేరడానికి ఎందుకు వెళ్లినట్టు? సరిగమల సాధన ఎక్కడ ముగుస్తుంది, సొంత సంగీతం ఎక్కడ మొదలవుతుంది అన్న ప్రశ్న ఆయన జీవితమంతా కనిపిస్తుంది. వాద్యం నేర్చుకునే ప్రతి ఒక్కరికీ అది ఇప్పటికీ ఎదురయ్యే ప్రశ్నే.

చూపు మందగించిన పిల్లవాడు

ద్వారం 1893 నవంబరు 8న, దీపావళి నాడు, బెంగళూరులో పుట్టారు. తండ్రి వెంకటరాయుడు సైన్యంలో పనిచేశారు. తర్వాత కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. చిన్నప్పటి నుంచీ ఆయనకు చూపు సరిగా లేదు. బడి చదువు మొత్తం కంటి మీద ఆధారపడిన వ్యవహారం. నల్లబల్ల మీది అక్షరాలు కనిపించని పిల్లవాడికి ఆనాటి బడి చేయగలిగింది ఏమీ లేదు. చదువు మధ్యలోనే ఆగిపోయింది.

ఇంట్లో అన్న వెంకటకృష్ణయ్యకు ఫిడేలు వచ్చు. తమ్ముడికి తొలి గురువు ఆయనే. పేరున్న గురువు ఇంట్లో ఏళ్ల తరబడి సేవ చేసి విద్య సంపాదించే పద్ధతి చెల్లుతున్న రోజులవి. ద్వారానికి దొరికింది మాత్రం ఇంటి చదువు, ఒంటరి సాధన, వినికిడి జ్ఞానం. తంజావూరు, మైసూరు సంప్రదాయాల నీడ పెద్దగా పడని విశాఖ తీరంలో ఓ మనిషి తన చెవినే నమ్ముకుని ఎదిగాడు. కచేరీలకు వెళ్లి వినడం, ఇంటికొచ్చి విన్నదాన్ని తీగ మీద వెతుక్కోవడం ఈ రకం చదువులో ప్రధాన భాగం. అందులో ఓ లోటు ఉంది. తప్పు వాయిస్తే దిద్దేవారు ఎప్పుడూ పక్కన ఉండరు. లాభమూ ఉంది. తప్పును తానే పట్టుకోవాల్సి రావడం వల్ల చెవి పదునెక్కుతుంది.

మెట్లు లేని వాద్యం

ఫిడేలు పరాయి వాద్యం. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఓ ఐరోపా వాద్యకారుడి దగ్గర దీన్ని నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారని చరిత్ర చెబుతోంది. ద్వారం చేతికి అందేనాటికి అది ఇక్కడికి వచ్చి సుమారు వందేళ్లు.

ఆ వందేళ్లలో దక్షిణాది వాళ్లు దాన్ని తమకు అనువుగా మార్చుకున్నారు. పాశ్చాత్యులు నిలబడి భుజం మీద పెట్టుకునే వాద్యాన్ని ఇక్కడ బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక కొసను కుడి పాదం మీద, రెండో కొసను ఛాతీకి ఆనించి వాయిస్తారు. ఎడమ చెయ్యి వాద్యాన్ని మోయనక్కర్లేదు కాబట్టి తీగ మీద పైకీ కిందికీ స్వేచ్ఛగా జారుతుంది. నాలుగు తీగలనూ షడ్జమం, పంచమం, షడ్జమం, పంచమంగా శ్రుతి చేస్తారు. దాంతో ఏ శ్రుతిలో పాడే గాయకుడి పక్కనైనా అదే వేళ్ల లెక్కతో వాయించవచ్చు.

అసలు కీలకం మరొకటి. వీణకు మెట్లున్నాయి, ఫిడేలుకు లేవు. వీణ మీద వేలు మెట్టు దగ్గర పడితే స్వరం దానంతట అదే పలుకుతుంది. ఫిడేలు మీద గాంధారం ఎక్కడుందో చూపించే గుర్తు ఏదీ లేదు. వేలు ఒక నూలుపోగంత జరిగినా స్వరం అపస్వరమవుతుంది. మిగిలిన దారి చెవి ఒక్కటే. వెనక తంబురా మోగుతుంటే ఆ నాదంలో తాను పలికించిన స్వరం కలిసిందో లేదో వింటూ వేలిని సర్దుకోవాలి. కొత్తగా నేర్చుకునేవారిని ఫిడేలు ఎక్కువగా ఏడిపించేది ఇక్కడే. ద్వారం వంటి మనిషికి మాత్రం ఇది అనుకూలమైన మైదానం. కంటికి పనిలేని చోట ఆయన ఎవరికీ తీసిపోరు. తంబురా మీద ఆయనకున్న గౌరవం శిష్యులందరికీ తెలిసినదే.

సరళి నుంచి సంచారం దాకా

కర్ణాటక సంగీతంలో ఎవరు ఏది నేర్చుకున్నా మొదటి మెట్టు ఒక్కటే. మాయామాళవగౌళ రాగంలో సరళి వరుసలు. తర్వాత ఒక్కో స్వరాన్ని రెండేసి సార్లు పలికే జంట వరుసలు, ఆపైన తాళాల లెక్క నేర్పే అలంకారాలు. ప్రతిదాన్నీ మూడు కాలాల్లో వాయించాలి. మొదటి కాలంలో ఒక దెబ్బకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మాయామాళవగౌళను ఎంచుకోవడంలో ఓ తర్కం ఉంది. అందులో స, రి మధ్య దూరం ఎంతో ప, ద మధ్య దూరం అంతే. రి నుంచి గ, ద నుంచి ని కూడా అలాగే. పూర్వార్ధంలో పట్టుబడిన వేళ్ల కొలత ఉత్తరార్ధంలో పనికొస్తుంది. షడ్జమ పంచమాలుగా శ్రుతి చేసిన ఫిడేలు మీద ఈ సమానత మరీ స్పష్టంగా తెలుస్తుంది. ఒక తీగ మీద వేళ్లు ఎక్కడ పడ్డాయో పక్క తీగ మీదా అక్కడే పడతాయి.

ఈ వరుసలు చేతికి వస్తే సంగీతం వచ్చినట్టేనా? ఆరభి, దేవగాంధారి రాగాలను చూస్తే సంగతి తేలిపోతుంది. రెంటికీ ఆరోహణ ఒకటే, వాడే స్వరస్థానాలూ ఇంచుమించు అవే. కాగితం మీద రాసి చూపిస్తే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. వింటే మాత్రం క్షణంలో తేడా తెలుస్తుంది. ఆరభి గబగబా నడుస్తుంది, స్వరాలు సూటిగా పలుకుతాయి. దేవగాంధారి ఆగి ఆగి, ఊగుతూ వస్తుంది. అలాగే తోడిలో గాంధారం ఒక్క చోట నిలబడదు. అటు రిషభాన్ని, ఇటు మధ్యమాన్ని తాకుతూ ఊగుతుంది. స్వరస్థానం దగ్గర వేలు పెట్టి అక్కడే ఆపేస్తే అది తోడి కాదు. రాగాన్ని నిలబెట్టేది స్వరానికీ స్వరానికీ మధ్యనున్న ప్రయాణం. దాన్నే గమకం అంటారు.

అందుకే సరళి వరుసలకూ, అప్పటికప్పుడు కల్పించి వాయించే మనోధర్మానికీ మధ్య పెద్దలు ఒక వంతెన వేశారు. గీతాలు, ఆపైన వర్ణాలు. ఒక రాగం ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ వంకర తిరుగుతుందో, ఏ స్వరం మీద ఎక్కువసేపు నిలుస్తుందో వర్ణంలో పొందుపరిచి ఉంటుంది. వర్ణం రెండు కాలాల్లో కంఠతా వచ్చాక కృతులు. కృతులు వందల సంఖ్యలో విన్నాక, వాయించాక, ఎప్పుడో ఒకరోజు విద్యార్థి సొంతంగా రాగం తీయడం మొదలుపెడతాడు. ఆలాపనలో తాళం ఉండదు, తానంలో లయ వస్తుంది, కల్పనస్వరాల్లో తాళం లెక్క తప్పకుండా తిరిగి ఎత్తుగడకు వచ్చి చేరాలి. స్వేచ్ఛ పెరిగేకొద్దీ బాధ్యతా పెరుగుతుంది.

ద్వారం ప్రత్యేకత ఈ ప్రయాణంలో కమానుకు ఇచ్చిన చోటు. అప్పటి ఫిడేలు వాద్యకారుల్లో చాలామంది కమానును పొట్టి పొట్టిగా, తరచూ దిశ మార్చి లాగేవారు. గాయకుడి వేగాన్ని అందుకోవడానికి అది పనికొచ్చేది. కాని కమాను దిశ మారిన ప్రతిసారీ నాదం సన్నగా తెగుతుంది. గాయకుడు ఒక్క ఊపిరిలో పాడే సంగతిని ఫిడేలు ముక్కలు చేసి వినిపిస్తుంది. ద్వారం నిడుపాటి కమాను పట్టారు. ఒక్క లాగుడులో ఎన్నో స్వరాలు, వాటి మధ్య గమకాలు తెగకుండా పలికేవి. కమాను వాడకంలో, వేళ్ల అమరికలో పాశ్చాత్య పద్ధతి నుంచి తనకు పనికొచ్చేది తీసుకున్నారు. పలికించింది మాత్రం త్యాగరాజ కృతులను, రాగాలాపనలను. ఆయన ఫిడేలు పాడుతుందని జనం అనుకోవడానికి కారణం ఇదే.

మౌత్ ఆర్గాన్ చెప్పే సంగతి

పరాయి వాద్యాన్ని వంచి సొంత గొంతు పలికించిన కథ మరో ఖండంలోనూ అదే కాలంలో నడిచింది. జర్మనీ కార్ఖానాల్లో తయారైన చవక మౌత్ ఆర్గాన్లు 19వ శతాబ్దంలో అమెరికాకు చేరాయి. పది రంధ్రాల ఆ బుల్లి వాద్యం జానపద పాటలు, నాట్య గీతాలు వాయించుకోవడానికి పుట్టింది. అందులోని రీడు ఏ స్వరానికి కోశారో ఆ స్వరమే పలకాలి. దక్షిణాది నల్లజాతి కళాకారులు ఆ కట్టుబాటును దాటారు. సి శ్రుతి వాద్యాన్ని తీసుకుని దాని పంచమాన్ని తమ షడ్జమంగా పెట్టుకున్నారు. కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఇది కొత్త కాదు, గ్రహభేదమే. శంకరాభరణంలో పంచమాన్ని షడ్జమం చేస్తే హరికాంభోజి వస్తుంది. ఆ పద్ధతిలో ముఖ్యమైన స్వరాలు ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు పలుకుతాయి. పీలుస్తూ నాలుకను, నోటి లోపలి ఆకారాన్ని మారిస్తే స్వరం కిందికి వంగుతుంది. రీడులో లేని స్వరం నోట్లోంచి పుడుతుంది.

బ్లూస్ నేర్చుకునేవారు సాధన చేసే ఆరు స్వరాల వరుసను మన లెక్కలో రాస్తే స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం, ప, కైశికి నిషాదం అవుతుంది. రిషభ ధైవతాలు లేవు, మధ్యమాలు రెండూ పక్కపక్కనే. అయితే ఈ వరుసను పైకీ కిందికీ ఎంత వేగంగా వాయించినా అది బ్లూస్ అనిపించుకోదు. దాని గాంధారం సాధారణానికీ అంతరానికీ నడుమ ఎక్కడో ఊగుతుంటుంది. పన్నెండు గణాల ఆవర్తనంలో ఎక్కడ పలకాలో, ఎక్కడ ఊరుకోవాలో తెలియాలి. సరళి వరుసకూ తోడి రాగానికీ మధ్య ఎంత దూరమో ఈ వరుసకూ బ్లూస్‌కూ మధ్య అంత దూరం.

ఆ సంగీతంలో పేరు పొందిన సన్నీ టెర్రీ 1911లో జార్జియాలో పుట్టారు. చిన్న వయసులోనే వేర్వేరు ప్రమాదాల్లో రెండు కళ్లూ పోగొట్టుకున్నారు. పొలం పని చేసే వీలు లేక మౌత్ ఆర్గాన్‌నే బతుకుతెరువు చేసుకున్నారు. 1938 డిసెంబరులో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో ఆయన వాయించారు. అదే 1938లో ఇక్కడ వేలూరులో ద్వారం ఒంటరిగా ఫిడేలు కచేరీ చేశారు. ఒకరి సంగీతం ఒకరికి చేరే దారి లేని రోజులవి. కాని ఇద్దరూ చూపు పోయిన చోట చెవిని పెంచుకున్నారు. ఇద్దరూ వాద్యం తయారుచేసినవారు ఊహించని స్వరాలు పలికించారు.

మన దగ్గర ఇదే రీడు కుటుంబానికి చెందిన హార్మోనియం పద్యనాటకాల పుణ్యమా అని ఊరూరా పాకింది. గమకం పలకదన్న వాదంతో ఆకాశవాణి దాన్ని 1940 నుంచి 1971 దాకా దూరం పెట్టింది. పరాయి వాద్యమైన ఫిడేలుకు మాత్రం అటువంటి అడ్డంకి రాలేదు. అది అప్పటికే ఇక్కడి గొంతుతో మాట్లాడుతోంది.

పక్క నుంచి మధ్యకు

కచేరీలో ఫిడేలు చోటు గాయకుడి పక్కన. గాయకుడు రాగం తీస్తే నీడలా వెంట నడవాలి, తర్వాత దొరికిన కొద్ది వ్యవధిలో తన వంతు వాయించి ఆపాలి. గాయకుడి కంటే ఎక్కువ వాయిస్తే మర్యాద కాదు, తక్కువ వాయిస్తే విద్వత్తు లేదంటారు. ద్వారం ఈ పాత్రలో పేరు తెచ్చుకున్నారు. మరో అడుగు వేసి ఫిడేలును వేదిక మధ్యకు తెచ్చారు. ఫిడేలే ప్రధాన వాద్యంగా నిండు కచేరీలు చేసిన తొలితరం వారిలో ఆయన ముందువరుసలో నిలుస్తారు.

దీని అర్థం కుర్చీ మారడం మాత్రమే కాదు. పక్కవాద్యకారుడికి రాగం ఎక్కడ మొదలుపెట్టాలో, ఎంతసేపు సాగదీయాలో గాయకుడు నిర్ణయిస్తాడు. ప్రధాన వాద్యకారుడు రెండు మూడు గంటలపాటు ఆ నిర్ణయాలన్నీ తానే తీసుకోవాలి. పైగా ఫిడేలుకు సాహిత్యం లేదు. మాటల సాయం లేకుండా కృతి భావాన్ని శ్రోతకు చేర్చాలి. ఎన్నేళ్ల స్వరసాధన అయినా తేలిపోయేది ఇక్కడే.

1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వార్షిక సదస్సుకు ఆయన అధ్యక్షత వహించారు. అధ్యక్షులకు దక్కే సంగీత కళానిధి బిరుదు ఆయనదైంది. అదే ఏడాది అన్నామలై విశ్వవిద్యాలయంలో తమిళ పాటలకు కచేరీల్లో తగిన చోటు కావాలంటూ తమిళ ఇసై ఉద్యమ సదస్సు జరిగింది. పాట ఏ భాషలో ఉండాలన్న వాదన వేడెక్కుతున్న కాలంలో, మద్రాసుకు దూరంగా విజయనగరంలో పనిచేసే ఓ తెలుగు ఫిడేలు విద్వాంసుడు ఆ పీఠం మీద కూర్చున్నారు.

1952లో ప్రఖ్యాత వయొలినిస్టు యెహుదీ మెనూహిన్ తొలిసారి భారతదేశానికి వచ్చారు. మద్రాసులో జస్టిస్ పి.వి. రాజమన్నార్ ఇంట్లో ద్వారం వాయిద్యాన్ని విని మెచ్చుకున్నారు. ఒకే వాద్యం, రెండు పూర్తిగా వేరైన జీవితాలు. మెనూహిన్‌కు బాల్యం నుంచీ ప్రపంచపు గొప్ప గురువులు, వేదికలు దొరికాయి. ద్వారానికి దొరికింది అన్నగారి పాఠం, విశాఖలో ఇల్లు. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ వచ్చాయి.

చూపులేని పిల్లవాడి కోసం పుట్టిన బడి

విజయనగరం సంగీత కళాశాల పుట్టుక వెనక ఓ కథ ఉంది. సంస్థానంలో పనిచేసే చాగంటి జోగారావు కొడుకు గంగరాజుకు చూపు లేదు. ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించే దారి చూపమని అడిగితే, విజయరామ గజపతిరాజు ఏకంగా కళాశాలే పెట్టించారని చెబుతారు. తొలి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. 1936లో ఆయన తర్వాత ఆ బాధ్యత ద్వారం చేతికి వచ్చింది. చూపు లేని పిల్లవాడి కోసం పుట్టిన బడికి చూపు మందగించిన గురువు పెద్దదిక్కు అయ్యారు. 1952లో ఢిల్లీలో అంధుల సహాయ నిధి కోసం ఆయన కచేరీ చేశారు. బడి తలుపు మూసుకుపోయిన తన చిన్ననాటి అనుభవం ఆయనకు గుర్తుండే ఉండాలి.

కళాశాల చదువు మీద అప్పుడూ ఇప్పుడూ ఒక ఆక్షేపణ ఉంది. గురువు ఇంట్లో ఉండి పొద్దస్తమానం విని నేర్చుకునే విద్యను గంటల లెక్కన, పరీక్షల లెక్కన ఎలా నేర్పుతారని. అందులో నిజం లేకపోలేదు. పాఠ్యప్రణాళికలో సరళి, జంట, వర్ణం, కృతి అని గీతలు గీసి విభజించవచ్చు. మనోధర్మానికి అలా గీత గీయలేం. ఈ లోటును పూడ్చగలిగేది ఎదుట కూర్చుని వాయించే గురువు ఒక్కరే. మరో వైపు, గురుకులం తలుపు అందరికీ తెరుచుకునేది కాదు. కులం, ధనం, పరిచయం చూసేది. కళాశాల ఆ తలుపును కొంతైనా వెడల్పు చేసింది. ఘంటసాల వెంకటేశ్వరరావు అక్కడే పట్రాయని సీతారామశాస్త్రి శిక్షణలో తయారయ్యారు. పి. సుశీల అక్కడే చదువుకున్నారు. తెలుగువారి చెవిని దశాబ్దాలపాటు ఏలిన రెండు గొంతులు ఒకే బడి నుంచి వచ్చాయి. ద్వారం కుటుంబంలోనూ నరసింగరావు నాయుడు, కుమారుడు భావనారాయణరావు, కుమార్తె మంగతాయారు ఆ బాణీని నిలబెట్టారు.

మిగిలిన ప్రశ్న

ద్వారం 1964 నవంబరు 25న కన్నుమూశారు. 1993లో శతజయంతి సందర్భంగా తపాలా శాఖ ఆయన బిళ్ల విడుదల చేసింది. పాత గ్రామఫోన్ రికార్డులు, రేడియో ధ్వనిముద్రణలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరుకుతాయి. గరగర శబ్దం మధ్య నుంచి కూడా ఆ కమాను పొడవు తెలుస్తుంది.

నేర్చుకునేవారి పరిస్థితి అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది. ఫోన్‌లోనే తంబురా మోగుతుంది. స్వరం ఏమాత్రం తప్పినా తెర మీద ముల్లు పక్కకు జరిగి చూపిస్తుంది. ఫిడేలు, గిటారు, మౌత్ ఆర్గాన్ ఏదైనా సరే, వరుసలు నేర్పే వీడియోలకు కొదవ లేదు. ఇదంతా ఉపయోగమే. విశాఖలో ఒంటరిగా తీగ మీద స్వరాలు వెతుక్కున్న కుర్రాడికి ఇందులో పదో వంతు దొరికినా కళ్లకద్దుకునేవాడు.

చిక్కు ఒక్కటే. ముల్లు సున్నా దగ్గర నిలబడితే స్వరం సరిపోయిందని కన్ను చెబుతుంది. కాని తోడి గాంధారం వాయించేటప్పుడు ఆ ముల్లు ఎక్కడా నిలబడదు. బ్లూస్ గాంధారానికీ అంతే. ఆ ఊగులాట సరైనదో కాదో చెప్పే పరికరం ఇంకా విన్నవారి చెవే. ఆ చెవి సరళి వరుసలు వాయిస్తున్నప్పుడు వినడం మొదలుపెట్టకపోతే, రాగం దగ్గరకు వచ్చాక కొత్తగా వినలేదు. ద్వారం జీవితం తేల్చి చెప్పిన సంగతి ఇదే. ఆయనకు ముల్లు చూసే వీలు లేదు, ఉన్నా కనిపించేది కాదు. మొదటి రోజు మొదటి షడ్జమం నుంచీ ఆయన వింటూనే వాయించారు.